"సుంకాల వల్లే" అనవచ్చా? అమెరికా అంతర్యుద్ధం గురించి ఒక వాక్యం

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్న మా తమ్ముడి నోట్సులో ఈ వాక్యం చూశాను: "ఉత్తరాది విధించిన సుంకాల వల్లే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది." ఇక్కడ 'వల్ల' అనాలా, 'వల్లే' అనాలా? రెండూ ఒకటేనా?

జవాబు: ఒకటి కావండి. 'వల్ల' ఒక కారణం చెప్పి ఊరుకుంటుంది. దానికి ఏ-కారం చేరితే అవధారణ వస్తుంది, అంటే ఇదొక్కటే కారణమని తేల్చేసినట్టు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో దోషం లేదు. దోషమంతా చరిత్రలో ఉంది.

సుంకాల గొడవ కల్పన కాదు. 1828లో దిగుమతి సుంకాలు బాగా పెంచుతూ చట్టం వస్తే, దక్షిణాది వాళ్లు దాన్ని "అసహ్యాల సుంకం" అని తిట్టిపోశారు. వాళ్లు పత్తి ఇంగ్లండుకు అమ్మి, అక్కడి సరుకు కొనుక్కునేవాళ్లు. సుంకం పెరిగితే కొనే సరుకు ప్రియమవుతుంది. తన సరుకు అమ్ముడుపోని ఇంగ్లండు రేపు పత్తి కూడా తగ్గించి కొంటుందని భయం. లాభం మాత్రం ఉత్తరాది మిల్లులకి. 1832 నవంబరులో దక్షిణ కరోలినా ఆ చట్టాలు తమ గడ్డ మీద చెల్లవని తీర్మానించింది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సైన్యాన్ని దింపడానికి సిద్ధపడ్డాడు. చివరికి 1833లో సెనేటర్ హెన్రీ క్లే రాజీ కుదిర్చి, సుంకాలు అంచెలంచెలుగా తగ్గేలా చేశాడు. అప్పటి టెన్షన్ గురించి రాస్తూ "సుంకాల వల్లే" అన్నా నేను పెద్దగా అభ్యంతరం చెప్పను.

అసలు యుద్ధం మొదలైంది 1861లో. ఈ మధ్యలో 1846లో, మళ్లీ 1857లో సుంకాలు తగ్గాయి. తిరిగి పెంచిన మోరిల్ చట్టం మీద సంతకం పడింది 1861 మార్చి 2న. అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోతామని తీర్మానాలు చేసేశాయి. 1860 డిసెంబరులో దక్షిణ కరోలినా తన కారణాలు చెబుతూ ఇచ్చిన ప్రకటన చూడండి, సుంకం ఊసే లేదు. పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు అప్పగించడం లేదని, బానిసత్వాన్ని వ్యతిరేకించే మనిషి (లింకన్) అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడని దాని గోడు. ఒకప్పుడు సుంకం మీద అంత రభస చేసిన రాష్ట్రమే ఇది!

మరో సభ్యురాలు: మాస్టారూ, బానిసత్వం కూడా ఆర్థిక కారణమే కదా? "ఆర్థిక కారణాల వల్లే" అంటే సరిపోదా?

జవాబు: మీరన్నది నిజమేనండి. 1860లో అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలు ఉండేవాళ్లు, యజమానుల లెక్కల్లో వాళ్లు ఆస్తి కింద జమ. మిసిసిపీ అయితే తన ప్రకటనలో బానిసత్వాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద భౌతిక ప్రయోజనమని బాహాటంగా రాసుకుంది. అయినా "ఆర్థిక కారణాలు" అని చదివిన కుర్రాడికి పన్నులూ ధరలూ గుర్తొస్తాయి. వేలంలో తల్లి ఒకరికీ బిడ్డ ఒకరికీ అమ్ముడైపోవడం గుర్తుకు రాదు. ఆ మాట వాడటానికి నాకు మనసొప్పదు.

సుంకాలకి 'కూడా' చాలు, ఏ-కారం బానిసత్వానికి పెట్టాలి. నోట్సులో ఇలా దిద్దుకోమనండి: "బానిసత్వాన్ని కాపాడుకోవడానికే దక్షిణాది రాష్ట్రాలు విడిపోయాయి. సుంకాల మీద పాత కోపం కూడా ఉంది."