చాఫ్ మేఘం సిమ్యులేషన్: మొదటి సెకన్ల ఆర్‌సీఎస్ కుదరడం లేదు, సాయం కావాలి

నమస్తే అండి. మేం విశాఖలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాం. 2021లో డీఆర్‌డీవో ప్రకటించిన నౌకాదళ చాఫ్ రాకెట్ల గురించి చదివి ప్రాజెక్టు ఎంచుకున్నాం: క్షిపణి రాడార్‌ని దారి మళ్లించడానికి యుద్ధనౌక వదిలే చాఫ్ (రాడార్ తరంగాలను వెనక్కి కొట్టే సన్నని లోహపు పూత పోగులు) మేఘాన్ని పైథాన్‌లో సిమ్యులేట్ చేయడం.

రాడార్ పౌనఃపున్యం 10 గిగాహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం (లాంబ్డా) 3 సెంటీమీటర్లు, కాబట్టి ఒక్కో పోగు అందులో సగం, దాదాపు 1.5 సెంటీమీటర్లు. పోగులు కోటి అనుకున్నాం. ఒక్కోదానికి సగటు ఆర్‌సీఎస్ (రాడార్‌కు అది ఎంత పెద్దగా కనబడుతుందో చెప్పే వైశాల్యం) 0.15 లాంబ్డా స్క్వేర్ వేస్తే మొత్తం 1350 చదరపు మీటర్లు. మేఘం బాగా విచ్చుకున్నాక ఇది నమ్మదగ్గదే. చిక్కంతా మొదట్లోనే. వ్యాసార్థం 5 మీటర్లున్నప్పుడూ అదే 1350 చూపిస్తోంది! పోగులు ఒకదానికొకటి అడ్డుపడుతుంటే అంత రావడం అసాధ్యం. పైగా నౌకకు కీలకం ఆ తొలి సెకన్లే.

పోగుల దిశ, ఫేజ్ రాండమ్‌గా మార్చి చూశాం, సగటు కదల్లేదు. మేఘం ఎదురు వైశాల్యం తీసుకుని ఎక్స్‌పొనెన్షియల్ కోత పెడితే 5 మీటర్ల దగ్గర 79కి, 20 మీటర్ల దగ్గర సుమారు 827కి తగ్గింది. కానీ ఆ సూత్రం మేఘమంతా ఒకే సాంద్రత అనుకుంటుంది. నిజానికి నడుమ చిక్కగా, అంచుల్లో పల్చగా ఉంటుంది కదా.

ఇలాంటి మేఘానికి ఈ కోతను పొరలుపొరలుగా లెక్కించాలా, లేక సాంద్రతను గాసియన్‌గా (నడుమ ఎక్కువగా, అంచులకు పోయేకొద్దీ గంట ఆకారంలో తగ్గేలా) తీసుకుని ఒకేసారి ఇంటిగ్రేట్ చేస్తే సరిపోతుందా?