యుక్కా కుండీ మార్చేటప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న బంకమట్టి ముద్దను ఉంచాలా, తీసేయాలా?

అమలాపురం మేడతోట: అందరికీ నమస్కారం. మా మేడ మీద 10 అంగుళాల కుండీలో మూడు మోడుల (లావు కాండాల) యుక్కా ఉంది, కత్తుల్లాంటి ఆకుల అలంకరణ మొక్క. రెండేళ్ల క్రితం కొన్నప్పుడు బంకమట్టి ముద్దతోనే కుండీలో దింపి, చుట్టూ ఎర్రమట్టి నింపాను. ఇప్పుడు అడుగు చిల్లుల్లోంచి వేళ్లు బయటికి వచ్చాయి, కింది ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. 18 అంగుళాల కుండీ తెచ్చిపెట్టాను. ముద్దను అలాగే దింపాలా, విడగొట్టాలా? వానలు పడుతున్నాయి కనుక ఇదే అదనని ఇంట్లో అంటున్నారు.

కడియపులంక నర్సరీ: ముద్ద కదపకండి. ముద్ద పగిలితే వేరు తెగుతుంది, వేరు తెగితే మొక్క వాడుతుంది. ఇరవై రెండేళ్లుగా మొక్కలు పెంచి అమ్ముతున్నాను. కుండీ అడుగున ఇటుక ముక్కలు రెండు అంగుళాల మందాన పరిచి, పైన దింపితే చాలు.

పాలకొల్లు: 18 అంగుళాలు మరీ పెద్దది, 12 సరిపోతుంది.

భీమవరం ఎడారి మొక్కలు: నర్సరీ వారి అనుభవాన్ని గౌరవిస్తాను కానీ, యుక్కా విషయంలో ఈ మాట ఒప్పుకోలేను. మన దగ్గర కుండీల్లో పెరిగే ఈ మోడు యుక్కా మెక్సికో, గ్వాటెమాల ప్రాంతాలది. అక్కడి నుంచి దీని కాండాలను వేళ్లు లేని ముక్కలుగానే ఓడల్లో యూరప్‌కు పంపుతారు, వేళ్లు అక్కడ నాటిన తరువాత పుడతాయి. వేళ్లే లేకుండా సముద్రం దాటే మొక్క, నాలుగు వేళ్లు తెగితే చచ్చిపోదు. దాన్ని చంపేది ఆ ముద్దే. గోదావరి ఒండ్రు తడిస్తే నీరు వదలదు, ఎండితే చేను నెర్రెలిచ్చినట్టు బిగుసుకుని చుట్టూ ఉన్న ఎర్రమట్టికి ఎడమైపోతుంది. ఆ సందులోంచి నీళ్లు నేరుగా చిల్లుల్లోకి జారుతాయి, మనం మాత్రం మొక్కకు నీళ్లందాయనుకుంటాం. ఇటుక ముక్కల వల్లా లాభం లేదు. ఏ కుండీలోనైనా మట్టి అడుగు పొరలో నీరు నిలుస్తుంది, మట్టి ఎంత మెత్తనిదైతే ఆ పొర అంత మందం. కింద ఇటుకలు పరిస్తే ఆ తడి పొర వేళ్లకు మరింత దగ్గరగా పైకి జరుగుతుంది, అంతే.

కడియపులంక నర్సరీ: మా తాతల నాటి నుంచి ఇటుక ముక్కలు వేస్తున్నాం. మా పొలం గట్టు మీద ఇదే బంకమట్టిలో పన్నెండు అడుగుల యుక్కా ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

భీమవరం ఎడారి మొక్కలు: గట్టు మీది చెట్టు వేరు, కుండీలోది వేరు. గట్టు నుంచి నీరు రెండు వైపులా కాలవలోకి దిగిపోతుంది, వేరు తనకు నచ్చిన చోటికి పోతుంది. కుండీలో ఆ రెండూ లేవు.

తణుకు టీచర్: కింది ఆకులు ముదిరి కూడా రాలుతాయి, అది జబ్బు కాకపోవచ్చు. మోడును వేలితో నొక్కి చూశారా?

కడియపులంక నర్సరీ: ఇటుక ముక్కలు వేయని కుండీ నాకు ఒక్కటి చూపించండి. చిల్లు మూసుకుపోతే అప్పుడేం చేస్తారు?

భీమవరం ఎడారి మొక్కలు: చిల్లు మీద ఒక్క పెంకు ముక్క చాలు. మీరు అసలు ప్రశ్నను వదిలి ఇటుకలనే పట్టుకున్నారు. నా సంగతి చెబుతాను. నాలుగేళ్ల క్రితం ఒక నర్సరీలో జత యుక్కాలు 3,600 రూపాయలకు కొన్నాను. ముద్దతోనే పెట్టమన్నారు, పెట్టాను. కార్తీకంలో ముసురు పట్టాక ఒక మోడు అడుగున బెరడు తడి కాగితంలా ఊడి వచ్చింది, లోపల గోధుమరంగు గుజ్జు, కుళ్లిన వాసన. రెండోది పది రోజుల్లో పోయింది. వెళ్లి అడిగితే, నీళ్లు ఎక్కువ పోశారని నాదే తప్పన్నారు. ఆ నెలలో నేను ఒక్క చెంబు కూడా పోయలేదు.

కడియపులంక నర్సరీ: అంటే మేమంతా మోసగాళ్లమని మీ భావమా? ముద్ద కట్టేది మొక్కను చంపడానికి కాదు. లారీలో మూడు నాలుగు రోజులు ఎండలో ప్రయాణించే మొక్కకు ఆ మట్టే నీళ్ల కుండ. ముద్ద లేకుండా ఇస్తే వేరు లేని మొక్క అంటగట్టారని కొనేవారే తిరిగి ఇచ్చేస్తారు. రోజంతా మోకాళ్ల మీద కూర్చుని ఆ ముద్దలు కట్టే ఆడవాళ్ల చేతి పనిని తప్పు పడితే నాకు బాధ కలుగుతుంది.

భీమవరం ఎడారి మొక్కలు: వారి పనిని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. ముద్ద ప్రయాణానికే అయితే, ప్రయాణం అయిపోయాక తీసేయమని కొన్నవారికి చెప్పాలి కదా. నా గొడవంతా అదే. మామిడికి, గన్నేరుకు చెప్పే మాటే యుక్కాకూ చెప్పి పంపిస్తున్నారు, మొక్క పోతే తప్పు మాత్రం మాది అవుతోంది.

పాలకొల్లు: ఇది నాకూ జరిగింది.

కడియపులంక నర్సరీ: అడిగినవారికి చెబుతాం. కొనేవారిలో అడిగేవారు తక్కువ. అడగకపోయినా చెప్పాలన్నది న్యాయమైన మాటే, కాదనను. అయితే బండి దగ్గర నిలబడి ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క పద్ధతి చెప్పే తీరిక మాకు ఉండదని మీరూ ఒప్పుకోవాలి.

భీమవరం ఎడారి మొక్కలు: అది ఒప్పుకోను. 1,800 రూపాయల మొక్కకు రెండు వాక్యాలు చెప్పవచ్చు.

తణుకు టీచర్: అమలాపురం వారి మొక్క సంగతి ఎవరూ తేల్చలేదు.

అమలాపురం మేడతోట: టీచర్ గారు చెప్పినట్టు నొక్కి చూశాను. రెండు మోడులు గట్టిగా ఉన్నాయి, పొట్టిది అడుగున మెత్తబడింది. ఆగలేక కుండీ బోర్లించాను. ఎర్రమట్టి పొడిగా రాలింది, ముద్ద మాత్రం పిడికిట్లో పిండితే నీరు కారేటంత తడిగా ఉంది. మంచి వేళ్లన్నీ ముద్దను వదిలి ఎర్రమట్టిలో చుట్లు తిరిగాయి, లోపలివి నల్లబడి వేలికి ఒట్టి తొడుగులా ఊడుతున్నాయి.

భీమవరం ఎడారి మొక్కలు: పొట్టిదాన్ని మెత్తదనం పోయి తెల్లని కండ కనిపించేదాకా కోసి, నీడలో నాలుగైదు రోజులు గాయం ఆరనిచ్చి విడిగా నాటండి, వేరు పడుతుంది. మిగతా రెండింటికీ 12 అంగుళాల మట్టి కుండీ చాలు. 18 అంగుళాల్లో వేరు లేని మట్టి అంతా తడిసి కూర్చుంటుంది. సగం గరుకు ఇసుక, పావు వంతు ఎర్రమట్టి, మిగతాది చివికిన పశువుల ఎరువు, సన్న ఇటుక రజను కలపండి. కొబ్బరి పొట్టు మన ఇళ్ల చుట్టూ ఎంత దొరికినా దీనికి వద్దు, అదీ నీటిని పట్టి ఉంచేదే. మామూలుగా అయితే మాఘ ఫాల్గుణాల్లో చేయవలసిన పని ఇది. కుళ్లు కనిపించింది కనుక ఇప్పుడే చేసి, వాన తగలని వసారాలో ఉంచండి. వారం దాకా నీళ్లు పోయకండి, కుండీ కింద పళ్లెం పెట్టకండి.

కడియపులంక నర్సరీ: ముద్ద తీయక తప్పదంటే గొట్టంతో ధార కొట్టవద్దు, బతికున్న తెల్ల వేళ్లు తెగుతాయి. బకెట్ నీళ్లలో గంటసేపు నాననిచ్చి, చీపురు పుల్లతో పైనుంచి కిందికి మెల్లగా గీయండి. మట్టి పొరలు పొరలుగా దిగుతుంది. చిల్లు మీద మాత్రం ఇటుక ముక్క వేయండి.