వార్డు మారిన పేషెంట్‌ను ఏ విభాగం లెక్కలో వేయాలి?

హైదరాబాద్‌లో ఒక టీచింగ్ హాస్పిటల్ కేస్‌షీట్ల నుంచి జనరల్ మెడిసిన్, నెఫ్రాలజీ, కార్డియాలజీ విభాగాల్లో 30 రోజుల మరణాలను పోలుస్తున్నాం. చిక్కంతా అడ్మిట్ అయిన 2, 3 రోజులకు వేరే విభాగానికి మారినవాళ్లతోనే.

చేర్చుకున్న విభాగానికి రాస్తే జనరల్ మెడిసిన్ అన్యాయంగా దెబ్బతింటోంది. చివర్లో చూసిన విభాగానికి రాస్తే నెఫ్రాలజీకి ఉత్తపుణ్యానికి మంచి పేరు: బదిలీ దాకా బతికున్నవాళ్లే అక్కడికి చేరతారు కదా! ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో కాక్స్ మోడల్‌కి (ఏ అంశం మరణ రిస్కును ఎంత మారుస్తుందో అంచనా వేసేది) వయసు, చార్ల్‌సన్ స్కోరు (మిగతా జబ్బుల భారాన్ని కొలిచేది), చేరినప్పటి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఇచ్చి, విభాగాన్ని కాలంతో మారే చలరాశిగా పెట్టి చూశాం. విభాగాల మధ్య రిస్కు నిష్పత్తి కాలమంతా ఒకేలా ఉందా అని చూసే షోన్‌ఫెల్డ్ పరీక్షలో సరిగ్గా విభాగం దగ్గరే ఫెయిలవుతోంది; మొదటి 48 గంటల్లో రిస్కు విపరీతం. బదిలీ అయినవాళ్లను తీసేస్తే మిగిలేవి ఎక్కువగా తేలిక కేసులే.

ఇలాంటి డేటాకు 72 గంటల ల్యాండ్‌మార్క్ విశ్లేషణ (అప్పటికి బతికున్నవాళ్లను అప్పుడున్న విభాగం ప్రకారం పోల్చడం) సరిపోతుందా, మల్టీస్టేట్ మోడల్‌కే (చేరిక, బదిలీ, మరణం అనే దశల మధ్య మార్పులను విడివిడిగా లెక్కించేది) వెళ్లాలా?