ఆర్ఈసీ రాక్ ప్రోగ్రాం క్యాసెట్: బీ సైడు పోను పోను వేగమైతున్నది, ఎట్ల సరిచేయాలె?

సీ90_హన్మకొండ:
1990ల మొదట్ల వరంగల్ ఆర్ఈసీల, అంటే ఇప్పటి నిట్‌ల, స్టూడెంట్ల బ్యాండు వాయించిన ప్రోగ్రాం. జనంల కూసోని మోనో టేప్ రికార్డర్‌ల సెల్స్ మీద చేసిన రికార్డింగు. ఒక్కటే సీ-90 (తొంభై నిమిషాల క్యాసెట్), నార్మల్ టేపు. సౌండు గొంగడి కప్పినట్టున్నది. బీ సైడుల గొంతులు సన్నబడుకుంట పోతున్నయి. డ్రమ్ము పడ్డప్పుడల్లా గిటారు లోపలికి పోయి మళ్ల పైకొస్తున్నది. స్టీరియో డెక్, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, కంప్యూటర్ల సౌండు సరిచేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉన్నయి. ఏది ముందు చేయాలె? అయినంక బ్యాండు వాళ్లకు, ఆ బ్యాచ్‌కు పంచాలె.

హెడ్‌క్లీనర్:
ముందు టేపు సంగతి చూడండి, సాఫ్ట్‌వేర్ తర్వాత. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా బూజు కనిపిస్తే డెక్‌లో పెట్టొద్దు. హెడ్‌కు అంటి, అక్కణ్నుంచి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. బూజు లేకపోతే టేపు వెనక ఉండే చిన్న ఫెల్ట్ ప్యాడ్ చూడండి. అది ఊడితే టేపు హెడ్‌కు ఆనదు, పై శబ్దాలు (సన్నటి, పదునైనవి) పోతాయి. అప్పుడు చుట్టలను ఐదు స్క్రూల ఖాళీ షెల్‌లోకి మార్చాలి. హెడ్‌ను 99 శాతం ఐసోప్రొపైల్‌తో తుడవండి. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్లు ఎక్కువ. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దే వద్దు.

గొంగడి మాటకొస్తే, సగం కేసుల్లో అది అజిముత్, అంటే టేపుకు హెడ్ నిలిచే కోణం, తప్పడం. దాన్ని సరిచేసేది హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ. మొదటి స్థానం మార్కర్‌తో గుర్తుపెట్టి, రెండు చానళ్లూ మోనోగా కలిపి వింటూ కొద్దికొద్దిగా తిప్పండి, పావు చుట్టు దాటొద్దు. హెడ్ ఒరిగి ఉంటే రెండు చానళ్ల మధ్య సమయం తేడా వచ్చి, కలిపినప్పుడు పై శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. సింబల్ (డ్రమ్ములతో మోగే ఇత్తడి పళ్లెం) ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. రెండో సైడుకు మళ్లీ చేయాలి. డెక్‌లో డాల్బీ (టేపు బుస తగ్గించే స్విచ్) ఆఫ్. రికార్డింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా.

ఐదోతీగ:
బీ సైడు సంగతి సెల్స్ వల్లనే తమ్మీ. సెల్స్ దిగుతుంటే మోటారు నెమ్మదైతది, తక్కువ టేపుల ఎక్కువ పాట పడ్తది. డెక్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు తిప్పుతది కాబట్టి ఉరికినట్టు వినపడ్తది. శృతి, వేగం రెండూ కలిసే మారినయి, అందుకే ‘చేంజ్ టెంపో’ ముట్టకు, ‘చేంజ్ స్పీడ్’ వాడు. పాటల నడుమ గిటారు శృతి చేసుకునే ముక్క ఎతుకు. ఐదో తీగ ఉత్తగ మీటితే 110 హెర్ట్జ్ రావాలె. 116.5 వస్తే, 110ని దాంతోని భాగించు: 0.944. అంటే 5.6 శాతం దించాలె.

హెడ్‌క్లీనర్:
ఒక్క జాగ్రత్త. కొన్ని రాక్ బ్యాండ్లు తీగలు అర స్వరం దించి వాయిస్తాయి, అప్పుడు ఐదో తీగ 103.8. టేపు 6 శాతం వేగంగా తిరిగితే అదే 110గా కనిపించి, అంతా బాగుందని మోసం చేస్తుంది. రెండో సాక్షి గిటారు ఆంప్ గుర్రు. కరెంటు 50 హెర్ట్జ్ అయితే గుర్రు దానికి రెట్టింపు, 100. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే బొమ్మ) 100 దగ్గరి గీత 106కు జరిగితే టేపే వేగం. టేపు ఆపినా ఉండే గీత మీ డెక్‌ది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అప్పటి కరెంటు గ్రిడ్ 50 మీద నిలిచేది కాదు కాబట్టి గుర్రు ఉజ్జాయింపుకే, తుది లెక్క గిటారుదే.

డ్రమ్ముకు గిటారు కుంగడం రికార్డర్‌లోని ఆటోమేటిక్ లెవెల్ పని, పెద్ద శబ్దం రాగానే మొత్తం సౌండును అదే తగ్గిస్తుంది. దాన్ని విప్పబోతే కొత్త గాయాలు పడతాయి, వదిలేయండి. నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్స్ దాటితే సింబల్స్ నీళ్లలో మునిగినట్టుంటాయి.

ఫ్లాక్_ములుగు:
ముట్టుకోని మొదటి ఫైలు, సరిచేసినది, రెండూ ఫ్లాక్‌లో (ఎంపీ3లా శబ్దం కోసేయకుండా కుదించే ఫైలు రకం) విడివిడిగా పెట్టాలి. పక్కన టెక్స్ట్ ఫైలు: ఏ రికార్డర్, ఏ టేపు, ఏ డెక్, ఎంత శాతం దించారు. ఎంపీ3 నుంచి మళ్లీ ఫ్లాక్ చేసి పంచే పని ఎవరూ చేయొద్దు.

అమెరికా రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లో తన ప్రోగ్రాంలు రికార్డు చేసేవాళ్లకు విడిగా చోటే ఇచ్చింది. ఆ సౌకర్యం అందరికీ ఉన్నట్టు అనుకోవద్దు. మన కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శించినవాళ్ల హక్కు 50 ఏళ్లు. బ్యాండు వాళ్లు సరే అన్నాకే బయటికి. వేరేవాళ్ల పాటలు వాయించి ఉంటే వాటి హక్కులు మళ్లీ వేరు.

సీ90_హన్మకొండ:
కొలిచిన. ఏ సైడు మొదట్ల ఐదో తీగ 110.9, గుర్రు 99.8. బీ సైడు ఆఖరికి 117.8, 106.

ఐదోతీగ:
ఐదో తీగను 110కి దించే లెక్కలనే గుర్రును దించితే రెండు దిక్కులా 99 వస్తది. అంటే కరెంటు 49.5 మీద నడిచింది, బ్యాండు మామూలు శృతిలనే ఉన్నది. ఏ సైడు మొదట్ల 0.8 శాతం, బీ సైడు ఆఖరికి 6.6 శాతం దించు. నడుమ ప్రతి పాటకు ఒకసారి కొలిచి, ఆడాసిటీ టైమ్ ట్రాక్‌ల (వేగాన్ని మెల్లమెల్లగ మార్చే గీత) ఆ బిందువులు పెట్టు. సెల్స్ ఒక్క తీరుగ దిగవు, ఆఖర్ల గబుక్కున పడ్తయి. చివరి పది నిమిషాలకు ఇంకా దగ్గర దగ్గరగ కొలువు.