పిల్లల పిజ్జా సాయంత్రం: విశాఖలో ఎక్కడ పెడదాం?

భోజనాల బృందం, ఎంవీపీ కాలనీ:

అందరికీ నమస్కారం. డిసెంబరులో మన సంఘం పిల్లలు నలభై మంది అమెరికాలోని డాలస్ నుంచి విశాఖ వస్తున్నారు కదా. కురుసుర జలాంతర్గామి చూశాక ఆర్కే బీచ్‌లోనే పిజ్జా పెట్టెలు విప్పుదామని మొన్న కాల్‌లో అనుకున్నాం. ఆ పని వద్దని నా మనవి.

పోయిన ఆదివారం మా ఇంటికి ఆరు పిజ్జాలు తెప్పించి చూశాను. షాపు నుంచి ఇరవై నిమిషాల దారి. మూత తీస్తే అట్ట లోపలంతా నీటి చుక్కలు. అడుగు తడిసి మెత్తబడింది. ముక్క ఎత్తగానే మొన కిందికి వేలాడిపోయింది. మా చిన్నమ్మాయి అంచు మాత్రం తిని మిగతాది వదిలేసింది. షాపువాళ్లు బాగానే కాల్చారు, ఆవిరి బయటికి పోయే దారి లేక పెట్టెలోనే పాడైంది. పెనం మీది పెసరట్టుని పార్సిల్ కట్టిస్తే ఏమవుతుందో మనందరికీ తెలిసిందే. బీచ్‌లో అయితే గాలికి ఇసుక కూడా పడుతుంది.

అందుకే పొయ్యి ఉన్న చోటికే పిల్లల్ని తీసుకెళ్దాం. రెండు వారాలుగా ద్వారకానగర్, సిరిపురం, రుషికొండ వైపు తిరిగి ప్రతిచోటా మార్గరీటా ఒక్కటే చెప్పి తిన్నాను. పైన చికెన్, పనీర్, మొక్కజొన్న పోస్తే పిండి సంగతి తెలియదు. మార్గరీటాలో టమాటా, చీజ్, తులసి లాంటి బేసిల్ ఆకు తప్ప ఏమీ ఉండవు కాబట్టి పిండి బాగోకపోతే వెంటనే తెలిసిపోతుంది. ముక్క తిరగేసి చూడండి, అడుగున పుల్కా మీద ఉన్నట్టు గోధుమరంగు మచ్చలుండాలి. అంచు నొక్కితే మళ్లీ పైకి లేవాలి. నేపుల్స్ పిజ్జా పద్ధతిని కాపాడటానికి 1984లో పెట్టిన సంఘం నియమం ప్రకారం కట్టెల పొయ్యిలో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలాలి. అంత వేడి పొయ్యి మన ఊళ్లో అన్నిచోట్లా ఉండదు. గ్యాస్ ఓవెన్‌లో కాల్చినవి కూడా రెండుచోట్ల చాలా బాగున్నాయి. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం సిరిపురంలోని కట్టెల పొయ్యి. పేరు, ధరలు షీట్‌లో పెట్టాను. డామినోస్, పిజ్జా హట్ ఇక్కడా ఉన్నాయి గానీ అవి పిల్లలకి వాళ్ల ఊళ్లోనే దొరుకుతాయి.

పిల్లల బృందం, డాలస్:

అన్నయ్యా, ఆలోచన బాగుంది. కానీ నలభై మంది ఒకేసారి కూర్చుంటే ఎవరి ముక్క ఎప్పుడొస్తుంది? ఆకలేస్తే పిల్లలు ఆగరు. ఇంకోటి, పదకొండు మంది శాకాహారులు, గుడ్డు కూడా తినరు. అదే నా టెన్షన్.

భోజనాల బృందం, ఎంవీపీ కాలనీ:

నిజమే చెల్లెమ్మా. రెండు జట్లుగా చేద్దాం. ఇరవై మంది కురుసుర, రోడ్డు అవతల ఉన్న టీయూ-142 విమానం చూస్తుండగా మిగతా ఇరవై మంది సిరిపురంలో తింటారు. ఆ తర్వాత మారతారు. 12 అంగుళాల పిజ్జాకి ఎనిమిది ముక్కలు, మనిషికి మూడు. జట్టుకి ఎనిమిది పిజ్జాలు చాలు. ఆ పొయ్యిలో ఒకసారికి మూడు పెడుతుండగా చూశాను, అంటే మూడు విడతల్లో అయిపోతాయి. చిన్న సైజు చెప్పొద్దు. 8 అంగుళాలవి రెండు కలిపినా 100 చదరపు అంగుళాలే, 12ది ఒక్కటే 113.

శాకాహారుల విషయంలో గుడ్డుతో పాటు చీజ్ కూడా చూడాలి. అసలైన పర్మేసాన్ చీజ్ చేసేటప్పుడు పాలని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. చాలామందికి ఈ సంగతి తెలియక పైన తురుముకుని తినేస్తారు. చీజ్ ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూపించమని నేనే అడుగుతాను. ఆ పదకొండు మంది పిజ్జాలకి కత్తి కూడా వేరేది వాడమంటాను.

తేదీ మారిస్తే సోమవారం పడకుండా చూడండి, ఆ రోజు కురుసురకి సెలవు. బీచ్‌లో ఏమీ తినిపించలేదని పిల్లలు చిన్నబుచ్చుకోకుండా, రెండో జట్టు కూడా తినేశాక అందరినీ అక్కడికి నడిపించి మురీ మిక్చర్ ఇప్పిద్దాం.

బుధవారం సాయంత్రం ఏడింటికి సిరిపురం వెళ్లి, ఎనిమిది పిజ్జాలు ఒకేసారి చెప్పి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తాను. ఊళ్లో ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకుని రండి, తినడానికి మనుషులు కావాలి.