టెండన్ దెబ్బతిన్న గుర్రం కుంటడం మానింది: దొడ్డిలో వదలవచ్చా?

మూసీ_రౌతు:
మలక్‌పేట పందేల నుంచి విరమించిన ఒక ఆడ థరోబ్రెడ్ గుర్రాన్ని స్వారీ కోసం తెచ్చుకున్నాము. నెలన్నర క్రితం దౌడు తీస్తుండగా దాని కుడి ముందుకాలు దెబ్బతిని, మోకాలి కింద వెనుకవైపు అరటికాయలా ఉబ్బింది. అల్ట్రాసౌండ్ తీయిస్తే, చర్మానికి దగ్గరగా ఉండే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) నడిమధ్యలో దాదాపు మూడోవంతు మేర నల్లని మచ్చ, అంటే పోగులు తెగిన చోటు, కనిపించింది. చన్నీళ్ళు, కట్టు, నొప్పి మందు, లాయంలో విశ్రాంతి, అన్నీ డాక్టరుగారు చెప్పినట్లే జరిగాయి. ఇప్పుడు వాపు చాలావరకు తీసింది, నడకలో కుంటు లేదు. రోజంతా కట్టేసి ఉంచడం చూడలేక, కాస్త దొడ్డిలో వదులుదామని ఇంట్లోవారు అంటున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

పశువైద్యుడు_కరీంనగర్:
దయచేసి ఇప్పుడే వదలకండి. కుంటు పోయిందంటే మంట తగ్గిందని అర్థమే తప్ప, టెండన్ అతుక్కుందని కాదు. తెగిన చోట మొదట పుట్టే కొల్లాజెన్ (టెండన్ పోగులను ఏర్పరచే మాంసకృత్తు) మూడో రకానిది. అది బలహీనమైనది, దాని పోగులు అడ్డదిడ్డంగా ఉంటాయి. అది క్రమంగా మొదటి రకంగా మారి, పోగులు కాలు పొడవునా బారులు తీరడానికి దాదాపు ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అంతవరకు, పైకి బాగున్నట్టు కనిపించే ఆ కాలు ఒక్క గెంతుకే మళ్ళీ తెగవచ్చు. లాయంలో విసిగిపోయిన థరోబ్రెడ్‌ను దొడ్డిలో వదిలితే మొదట చేసేది ఆ గెంతే.

అలాగని కదపకుండా ఉంచమని కూడా చెప్పను. మీ డాక్టరుగారు ఒప్పుకుంటే, చేత్తో పట్టుకుని గట్టి చదును నేల మీద రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. మూడు నెలలు నిండాక మళ్ళీ స్కాన్ తీయించి, మచ్చ పూడుతూ పోగులు బారుగా కనిపిస్తేనే కొద్ది నిమిషాల దుడుకు నడక (ట్రాట్, మామూలు నడకకూ దౌడుకూ మధ్య వేగం) మొదలుపెట్టాలి. దౌడు మాట ఆరేడు నెలలు దాటాక, పూర్తి పని తొమ్మిది నుంచి పన్నెండు నెలల తర్వాతే. ప్రతి మెట్టు దగ్గరా స్కాన్ చెప్పాలి, క్యాలెండరు కాదు.

పాత_లాయం:
మా నాన్నగారి కాలంలో ఇలాంటి గుర్రాలను ఏడాదిపాటు బీడులో వదిలేసేవారు, కొన్ని బాగుపడ్డాయి కూడా. ఇంకొందరు ఆ కాలికి వాతలు పెట్టించేవారు. రెండింటిలో ఏది మేలంటారు?

పశువైద్యుడు_కరీంనగర్:
బీడులో విశ్రాంతి వల్ల కొన్ని కోలుకోవడం నిజమే, కాని క్రమంగా పెంచే నడక వల్ల పోగులు ఇంకా చక్కగా కుదురుకుంటాయి. వాతలు మాత్రం వద్దు. వాటివల్ల టెండన్ బాగుపడదని 1983లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధన తేల్చింది. వాత పెట్టాక గుర్రానికి తప్పనిసరిగా ఇచ్చే విశ్రాంతి ఫలితమే వాత ఫలితంగా చెలామణీ అయిందని నా అభిప్రాయం. టెండన్ లోపలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామన్నా ఒప్పుకోవద్దు, అది కణజాలాన్ని మరింత బలహీనపరుస్తుంది.

న్యూమార్కెట్_తెలుగు:
ఇక్కడ ఇంగ్లండులోని న్యూమార్కెట్ పందేల గుర్రాల లాయాల్లో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి మేత గురించి చెబుతాను. పనిలో ఉన్నప్పుడు పెట్టే ఉలవ గుగ్గిళ్ళు, ఓట్లు అలాగే కొనసాగిస్తే, ఆ శక్తి అంతా తలుపు తన్నడానికే ఖర్చవుతుంది. దాణా బాగా తగ్గించి, ఎండుగడ్డి కొంచెం కొంచెంగా రోజంతా అందేలా చేయండి. కడుపు ఖాళీగా ఉంటే పుండ్లు పడతాయి. ఎదురుగా మరో గుర్రం కనిపించే చోట కట్టేస్తే సగం గోల తగ్గుతుంది. నడిపించేటప్పుడు మరీ చెలరేగితే, మందుతో శాంతపరచడానికి డాక్టరుగారిని అడగడంలో తప్పులేదు, సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) చేతిలోంచి తప్పించుకున్న గుర్రం కంటే అది నయం.

మూసీ_రౌతు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టెమ్‌సెల్ (మూలకణాల) చికిత్స చేయిస్తే త్వరగా కోలుకుంటుందని ఒకరు, మడమ ఎత్తుగా ఉండేలా లాడం కొట్టిస్తే కాలికి భారం తగ్గుతుందని మరొకరు అంటున్నారు. ఖర్చు పెట్టవచ్చా?

న్యూమార్కెట్_తెలుగు:
జపాన్ గుర్రం కేన్ హెకిలీ టెండన్ దెబ్బతో రెండేళ్ళకు పైగా దూరమై, స్టెమ్‌సెల్ చికిత్స తర్వాత 2008లో తిరిగి వచ్చి జపాన్ కప్ డర్ట్ అనే పెద్ద పందెం గెలిచింది. అయితే ఆ రెండేళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు! చికిత్స మాన్పు నాణ్యతను పెంచవచ్చు గాని, వ్యవధిని పెద్దగా తగ్గించదు.

పశువైద్యుడు_కరీంనగర్:
సరిగ్గా చెప్పారు. లాడం విషయానికొస్తే, మడమ ఎత్తితే భారం తగ్గేది లోపలి టెండన్‌కు, మీ గుర్రానికి తెగినది పైది. దానికి ఆ ఉపాయం పనిచేయదు, భారం పెరగనూవచ్చు. గిట్ట ముందుభాగం పొడవు పెరగకుండా క్రమం తప్పక చెక్కించి, సమంగా లాడం కొట్టిస్తే చాలు. ఆ డబ్బును తర్వాతి స్కాన్లకు దాచుకోండి. కట్టు కడుతున్నంత కాలం ఎడమ ముందుకాలికీ కట్టండి, ఇన్నాళ్ళూ అదనపు బరువు మోస్తున్నది అదే. రోజూ నడకకు ముందు రెండు కాళ్ళనూ చేత్తో తడిమి, నిన్నటికంటే వేడిగా ఉన్నా, నొక్కితే గుర్రం కాలు లాక్కున్నా, ఆ రోజు నడక ఆపి మీ డాక్టరుగారికి ఫోన్ చేయండి.