ముప్పై దాటిన ప్రతివాళ్లూ గుండె ప్యాకేజీ చేయించుకోవాలా?

తుంగభద్ర గట్టు (కర్నూలు)
పోయిన నెల మా కాలనీలో 41 ఏళ్ల మనిషి తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అని లేచి, ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. సన్నటి మనిషి, మందు ముట్టడు. అప్పటినుంచి కాలనీ అంతా ఒకటే భయం. ఎవరికి తేపు వచ్చినా చెయ్యి గుండె మీదికి పోతోంది. ఆ టెన్షన్‌లోనే అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (మిషన్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), రక్తపరీక్షలు కలిపి మనిషికి 3,500 రూపాయలకు చేస్తామన్నారట. ముప్పై దాటిన వాళ్లందరికీ చేయించాలి, కట్టలేని వాళ్లకు సంఘం డబ్బు ఇవ్వాలి అని తీర్మానం. నేనొక్కడినే వద్దన్నాను. "మనుషులు పోతుంటే డబ్బు లెక్క చూస్తావా" అని అందరూ మీద పడ్డారు.

నా బాధ వేరే. మా అన్న రెండేళ్ల కిందట ఇలాంటి క్యాంపులోనే ఈసీజీ తీయించుకున్నాడు. నార్మల్ అన్నారు. ఆ కాగితం మడిచి బీరువాలో దాచుకున్నాడు, బీడీలు మాత్రం మానలేదు. బీపీ మాత్ర కూడా వదిలేశాడు, గుండె బాగుందన్నారు కదా అని. నాలుగు నెలలకు గుండెపోటు. బతికాడు కానీ పది అడుగులు వేస్తే కూర్చోవాలి. పడుకోబెట్టి తీసే ఈసీజీలో ఆ నిమిషానికి గుండె ఎలా కొట్టుకుంటోందో తెలుస్తుందే తప్ప, రక్తనాళాల్లో కొవ్వు ఎంత పేరుకుందో తెలియదని మాకు అప్పుడు తెలిసింది. ఆ డబ్బుతో నాలుగు బీపీ మిషన్లు కొని, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయిస్తే మేలని నా అభిప్రాయం. తప్పయితే చెప్పండి.

గడియారస్తంభం (అనంతపురం)
అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ మీ మాట ఒప్పుకోలేను. మా ఆయనకు 44వ ఏట టీఎంటీలోనే బయటపడింది. మూడు నాళాల్లో అడ్డంకులు. బైపాస్ అయింది. పోయిన మాఘమాసంలో మా పాప పెళ్లికి పీటల మీద కూర్చున్నాడు. ఆ పరీక్ష వద్దనుకుని ఉంటే నేనొక్కదాన్నే నిలబడి చూసేదాన్ని.

ఇంకో సంగతి. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా వాళ్లకు 58, 59 దాకా రావడం లేదని తేలింది. మనకు జబ్బు ముందే వస్తుంటే పరీక్ష మాత్రం ఎందుకు ఆలస్యం చెయ్యాలి?

లెక్కల సారు (ఆదోని)
అక్కా, ఒక్క ప్రశ్న. ఆయనకు టీఎంటీ ఎందుకు రాశారు?

గడియారస్తంభం (అనంతపురం)
మెట్లెక్కితే ఆయాసం వచ్చేది సార్. ఎడమ దవడ లాగుతుందనేవాడు. పంటినొప్పేమో అని ముందు పళ్ల డాక్టరుకు కూడా చూపించాం.

లెక్కల సారు (ఆదోని)
అయితే అది జబ్బు వచ్చి తలుపు కొడుతుంటే తీయడం అక్కా. నడిస్తే ఛాతీ బిగుసుకోవడం, దవడకో చేతికో నొప్పి పాకడం, కొంచెం దూరానికే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గడం, ఇలాంటివి ఉంటే క్యాంపు కోసం ఆగకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికి పోవాలి. మనం మాట్లాడుకుంటున్నది ఏ లక్షణమూ లేని వాళ్ల గురించి.

లక్షణాలు లేని వాళ్లలో టీఎంటీ లెక్క ఎలా తిరగబడుతుందో మా పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. వంద మందిలో జబ్బు ఉన్నవాళ్లు ఐదుగురే అనుకుందాం. పరీక్ష వందలో 80 సార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. ఆ ఐదుగురిలో నలుగురిని పట్టుకుంటుంది, ఒకరిని వదిలేస్తుంది. మిగతా 95 మందిలో 19 మందికి లేని జబ్బు ఉందంటుంది. మొత్తం 23 మంది భయపడుతూ యాంజియోగ్రామ్‌కు, అంటే గుండె రక్తనాళాల్లోకి మందు ఎక్కించి అడ్డంకులు చూసే పరీక్షకు పోతారు, అందులో నలుగురికే జబ్బు. మీ అనుభవం నిజం, ఈ లెక్క కూడా నిజం.

డెన్మార్క్‌లో ఇంటర్99 అనే అధ్యయనం జరిగింది. 30 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న సుమారు 60 వేల మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని పరీక్షలకు పిలిచి, జీవనశైలి సలహాలు ఇచ్చారు. పదేళ్ల తర్వాత చూస్తే రెండు భాగాల్లోనూ గుండెజబ్బులు, పక్షవాతాలు, మరణాలు దాదాపు ఒకలాగే ఉన్నాయి. 2014లో అచ్చయింది. కాబట్టి తుంగభద్ర గారు చెప్పే బీపీ, షుగరు క్యాంపు మీద కూడా నాకు అంత నమ్మకం లేదు.

పాలకొండ నీడ (కడప జిల్లా)
సార్, నేను ఏఎన్ఎంని, ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సుని. డెన్మార్క్‌లో పరీక్షకు పిలవని వాళ్లకు కూడా ఫ్యామిలీ డాక్టరు ఉంటాడు, ఎప్పుడో ఒకప్పుడు బీపీ చూస్తాడు. మా ఊళ్లలో యాభై ఏళ్లకు మొదటిసారి చేతికి కఫ్ కట్టించుకునే మగవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఫలితాన్ని తెచ్చి ఇక్కడ అతికించకండి.

అయితే జబ్బు కనిపెట్టడం ఒక్కటే సరిపోదనే మాట మాత్రం నిజం. ముప్పై దాటిన వాళ్లకు బీపీ, షుగరు చూడటం 2010లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఉన్నదే. మేము ఇల్లిల్లూ తిరుగుతాం. పగలు పోతే మగవాళ్లు చేలో ఉంటారు, అందుకే పొద్దున ఆరింటికి పాలకేంద్రం దగ్గర పట్టుకుంటాను. 170 వచ్చిందంటే "నాకేం లేదమ్మా, బాగానే ఉన్నా" అంటారు. బీపీతో బాధేమీ తెలియదు కదా. పోరగా పోరగా మాత్రలు మొదలుపెడతారు. మళ్లీ చూస్తే 130 ఉంటుంది, "తగ్గిపోయింది" అని మానేస్తారు. తగ్గింది మాత్ర వల్లనే అని ఎన్నిసార్లు చెప్పానో! ఇంకొందరు మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయంటారు. అదుపులో లేని బీపీనే కిడ్నీలను పాడుచేస్తుందని చెబితే నమ్మరు. పోయినేడు మాత్రలు మానేసిన ఒకాయనకు పక్షవాతం వచ్చింది. ఆయన భార్య ఇప్పటికీ నన్ను చూస్తే ఏడుస్తుంది. నాకూ ఏడుపొస్తుంది.

సంగటి ముద్ద (తాడిపత్రి)
ఇన్ని పరీక్షలెందుకప్పా? మా తాత రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి తిని 90 ఏళ్లు బతికాడు. ఆ తిండికి తిరిగి పోదాం.

పాలకొండ నీడ (కడప జిల్లా)
అన్నా, సంగటి మంచిదే. కానీ మీ తాత మడక వెనక నడిచి తిన్నాడు. మనం అదే ముద్ద తిని కుర్చీలో కూర్చుంటున్నాం. పక్కన ఊరగాయ, అప్పడం, సాయంత్రం మాడిన నూనెలో మళ్లీ మళ్లీ వేయించిన బజ్జీలు. రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే అన్నీ కలిపి ఒక టీస్పూను. మనం అది ఊరగాయలోనే సగం తినేస్తాం. ఆకు వక్కలో పొగాకు వేసుకునే ఆడవాళ్లను ఎవరూ అడగనే అడగరు.

సంగటి ముద్ద (తాడిపత్రి)
సరేనక్కా, అది ఒప్పుకుంటా. కానీ ఒక్క మనిషికి చెబితే మారడు. మా నాయనకు ఉప్పు తగ్గించమన్నారు. అమ్మ రెండు కూరలు వండింది, నాలుగో రోజుకు విసిగిపోయింది. ఇంట్లో అందరికీ తగ్గించాకే కుదిరింది. ఫిన్లాండ్‌లో నార్త్ కరేలియా అనే ప్రాంతంలో 1972లో ఊళ్లకు ఊళ్లే కదిలాయి. వెన్న, ఉప్పు తగ్గించారు, పొగ మాన్పించారు, డెయిరీలను, ఇల్లాళ్ల సంఘాలను కలుపుకున్నారు. నలభై ఏళ్లలో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెపోటు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. లెక్కల సారు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

లెక్కల సారు (ఆదోని)
వేసుకుంటాను. అక్కడ తగ్గింది ఒక్క ఆ కార్యక్రమం వల్లనే అనలేం, మిగతా ఫిన్లాండ్‌లోనూ తగ్గాయి. కానీ ఊరంతా కలిసి మారడంలో బలం ఉందన్నది కాదనను. ఏఎన్ఎం గారి మాటతో నా అభిప్రాయం కొంత మారింది. బీపీ చూడటం దండగ అనను. చూసి వదిలేయడమే దండగ.

గడియారస్తంభం (అనంతపురం)
ఒక్కటి మాత్రం వదలను. 2007లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మాది ఒకటి. ఆపరేషన్ల ఖర్చుకు అప్పులపాలు కాకుండా ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. కానీ కోసిన గుండె కోసినట్టే ఉంటుంది. మా అబ్బాయికి 27. తండ్రికి 44కే వచ్చింది కాబట్టి వాడిని ముప్పై దాకా ఆగమంటే ఎలా?

పాలకొండ నీడ (కడప జిల్లా)
ఆగొద్దక్కా. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే వాళ్ల లెక్క వేరు. బాబుకు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఇప్పుడే చూపించండి. లైపోప్రొటీన్ ఏ అని రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే రకం ఒకటుంది, ఎక్కువగా ఉండటం వంశంలో వచ్చేది. జీవితంలో ఒకసారి చూస్తే చాలని డాక్టర్లు అంటారు, అది కూడా అడగండి.

తుంగభద్ర గట్టు (కర్నూలు)
మీ మాటలు నిన్న మీటింగులో చదివి వినిపించాను. గంటన్నర గొడవ. ప్యాకేజీ పక్కన పెట్టారు. పోయిన మనిషి తమ్ముళ్లిద్దరినీ సంఘం ఖర్చుతో డాక్టరుకు చూపిస్తాం. మిగతా వాళ్లకు ఆదివారం పొద్దున గుడి అరుగు మీద బీపీ చూడటం, రక్తం తీయించడం. ఎండలు ముదిరాయి కాబట్టి ఐదింటికే కాలువ గట్టు మీద నడక. మా అన్న కూడా వస్తానన్నాడు, మెల్లగా. అక్కా, బీపీ చూసేటప్పుడు మేము తప్పు చేయకుండా ఏం గుర్తుంచుకోవాలి?

పాలకొండ నీడ (కడప జిల్లా)
నడిచి వచ్చిన వాళ్లను ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి, వీపు గోడకు ఆనాలి, కాళ్లు నేలకు ఆనాలి. అరగంట ముందు నుంచి కాఫీ, బీడీ వద్దు. కఫ్ చొక్కా మీద కట్టొద్దు, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. రెండుసార్లు చూడండి. 140/90 దాటితే అప్పుడే జబ్బని ముద్ర వేయకండి, ఇంకో రోజు మళ్లీ చూడండి. 180 దాటితే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి. పుస్తకంలో పేరు పక్కన తర్వాతి తేదీ రాసుకోండి. ఆ తేదీకి రాని వాళ్ల ఇంటికి ఎవరు పోవాలో కూడా ఇప్పుడే అనుకోండి అన్నా.